పాత క్యాసెట్: ముందు సరిగ్గా ఎక్కించుకోండి, మెరుగులు తర్వాత

సంపాదకుల వారికి,

నమస్కారం. లలిత గీతాలు, భజనలు, అయ్యప్ప పాటలు, జానపదాలు, బుర్రకథలు పాడి 1980, 90 దశకాల్లో సొంతంగా క్యాసెట్లు వేసుకున్న కళాకారులు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఆ పాటల్ని ఇప్పుడు బయటికి తీసి, కొత్త వాద్యాలు కలిపి యూట్యూబ్‌లో పెడుతున్నారు. సంతోషించాల్సిన విషయమే. కాకపోతే పని వరస తలకిందులుగా ఉంది. ఇంట్లో మిగిలిన టూ-ఇన్-వన్‌లో వేసి, ఫోన్‌లోకి పట్టి, ఏఐ యాప్‌తో రొద తీయించి, ఎంపీ3 ఒక్కటి దాచుకుని, క్యాసెట్టు పారేస్తున్నారు. రేపు ఇంతకంటే మంచి పరికరం వస్తే దానికి ఇవ్వడానికి అసలు అంటూ ఏమీ మిగలదు.

సగం నష్టం ఫోన్ దగ్గరే జరుగుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రంలో లోపలికి వెళ్లే దారి ఒక్కటే, అదీ మైకు కోసం పెట్టింది. స్టీరియో పోయి మోనో అవుతుంది. టేప్ రికార్డర్ నుంచి వచ్చే సంకేతం మైకు సంకేతం కంటే ఎన్నో రెట్లు పెద్దది కనుక తారస్థాయి తగిలిన ప్రతిచోటా గొంతు చిట్లుతుంది. దానికి తోడు ఫోన్ తనంతట తానే లెవెల్ పెంచి తగ్గిస్తుంది. గాయని ఊపిరి తీసుకోగానే రొద పైకి లేస్తుంది. లాప్‌టాప్ మైకు రంధ్రానిదీ ఇంచుమించు ఇదే కథ. లైన్-ఇన్ ఉన్న రెండు చానళ్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టె) కొని, క్యాసెట్ డెక్ వెనక ఉండే ఎరుపు, తెలుపు లైన్-అవుట్ల నుంచి తీగ వేయాలి. రికార్డు చేయాల్సింది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, డబ్ల్యుఏవీ (ఎంపీ3లా కుదించని) ఫైలు. గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. 96 కిలోహెర్ట్జ్ పెడితే 2 జీబీ. ఇంట్లో రికార్డు చేసిన మామూలు క్యాసెట్‌లో 15 కిలోహెర్ట్జ్‌కు పైన ఉండేది బహు తక్కువ, అందువల్ల 96 కోసం తాపత్రయపడనక్కర్లేదు. 24 బిట్ మాత్రం వదులుకోవద్దు. అది ఉంటే అతి పెద్ద శబ్దం కూడా మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యనే ఆగేలా తగ్గించి పట్టుకోవచ్చు. చిట్లదు, నాణ్యతా తగ్గదు.

క్యాసెట్టును డెక్‌లో పెట్టేముందు వెలుతురులో చూడాలి. కోస్తా తేమకు టేపు అంచుల మీద తెల్లటి బూజు పట్టి ఉంటుంది. దాన్ని అలాగే వేస్తే బూజు డెక్‌లో టేపును చదివే హెడ్‌కూ, రబ్బరు రోలర్‌కూ అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ ఎక్కుతుంది. మూతికి గుడ్డ కట్టుకుని, చేత్తో మెల్లగా చుడుతూ పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. తర్వాత టేపు వెనక మధ్యలో, దాన్ని హెడ్‌కు ఆనించే చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో చూడాలి. చవక క్యాసెట్లలో దాని జిగురు ఎండి రాలిపోతుంది. అది లేకపోతే శబ్దం లోతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు టేపు చుట్టల్ని స్క్రూలున్న వేరే ఖాళీ షెల్‌లోకి మార్చడమే మందు. అంటించేసిన షెల్ అయితే అంచు వెంబడి బ్లేడుతో విప్పాలి. ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టి గానీ ప్లే నొక్కకూడదు. చుట్ట వదులై సమంగా తిరుగుతుంది, పాటకు ముందే సన్నగా వినిపించే దొంగ ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. టేపును ఓవెన్‌లో కాల్చమని చెప్పే వీడియోలు కొన్ని తిరుగుతున్నాయి. ఆ వైద్యం జిగురు చెడిన కొన్ని స్పూల్ టేపులకు, 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడగా ఉంచగల యంత్రంలో చేసేది. క్యాసెట్‌కు వద్దు. వంటింటి ఓవెన్‌లో ఏ టేపుకూ వద్దు.

డెక్‌లో హెడ్‌నూ టేపును నడిపే లోహపు కడ్డీ కాప్‌స్టన్‌నూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ, రబ్బరు రోలర్‌ను సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతోనూ తుడవాలి. బెల్టు సాగి ఉంటే మార్చాలి.

ఇక అసలు కిటుకు అజిముత్, అంటే హెడ్ నిలిచే కోణం. టేపు వెళ్లే దారికి హెడ్‌లోని సన్నటి చీలిక సరిగ్గా లంబంగా ఉండాలి. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఒక కోణంలో, ఇప్పుడు వేసే యంత్రంలో ఇంకో కోణంలో ఉంటే హెచ్చు పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతులో స, శ, ష మొద్దుబారతాయి, తాళాల గలగల పోతుంది. చాలామంది ‘టేపు పాతబడింది’ అనుకునేది చాలాసార్లు ఇదే. ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచినా తిరిగి రాదు. రొదలో మునిగిపోయిన శబ్దాన్ని పెంచితే రొదే పెరుగుతుంది. హెడ్‌ను పట్టుకునే రెండు స్క్రూల్లో కింద స్ప్రింగ్ ఉన్నది అజిముత్ స్క్రూ. టూ-ఇన్-వన్‌లలో ప్లే నొక్కినప్పుడు మాత్రమే ఎదురుగా ఒక చిన్న కన్నంలోంచి కనిపిస్తుంది. క్యాసెట్ నడుస్తుండగా రెండు చానళ్లనూ మోనోగా కలిపి హెడ్‌ఫోన్స్‌లో వింటూ, అయస్కాంతం లేని సన్న స్క్రూడ్రైవర్‌తో ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా ఇటూ అటూ తిప్పాలి. తాళం శబ్దం అన్నింటికంటే నిశితంగా వినిపించే చోటు దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఆగాలి. ప్రతి క్యాసెట్‌కూ ఇది విడిగా చేయాలి. రెండు వైపులూ వేర్వేరు యంత్రాల్లో రికార్డయి ఉంటే వైపుకొకసారి. మోనోలో కలపడం వినడానికే. రికార్డు స్టీరియోగానే చేసుకుని, పాట అసలు మోనో అయితే రెండు చానళ్లలో బాగున్న ఒక్కదాన్ని ఉంచుకోవాలి. రెండూ కలిపితే మిగిలిన చిన్న తేడా కూడా ట్రెబుల్‌ను తింటుంది. డాల్బీ (టేపు రొద తగ్గించే పద్ధతి)తో రికార్డు చేయని టేపుకు డాల్బీ బటన్ నొక్కకూడదు. రొద తగ్గినట్టు ఉంటుంది గానీ తగ్గేది ట్రెబుల్.

తర్వాత వేగం. బ్యాటరీల మీద రికార్డు చేసిన పాటలు వింటే ఒక వింత కనిపిస్తుంది: వైపు చివరికొచ్చేసరికి శ్రుతి మెల్లగా పైకి జరుగుతుంది. బ్యాటరీ దిగుతూ మోటారు నెమ్మదించింది. నెమ్మదిగా పట్టిన టేపు ఇప్పుడు మామూలు వేగంతో తిరిగి హెచ్చు శ్రుతిలో పలుకుతోంది. అసలు శ్రుతి ఏదో తేల్చడానికి అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఆనాటి హార్మోనియం. పాటలో వాయించిన పెట్టె ఇంకా ఉంటే దాని రీడ్‌తో పోల్చాలి. లేకపోతే గాయకులు అప్పట్లో నాలుగు శ్రుతిలో పాడేవారా, ఐదున్నర శ్రుతిలోనా అన్నది ఆధారం. టేపులో ఎక్కిన కరెంటు గుంయ్‌కారాన్ని కొలిచి 50 హెర్ట్జ్‌కు సరిచేయమని విదేశీ పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర 1990ల టేపులకు ఆ లెక్క పనికిరాదు. అప్పట్లో దక్షిణాది విద్యుత్ గ్రిడ్ తరచు 49 హెర్ట్జ్‌కు దిగువన నడిచేది, 48.5 ఉన్న రోజు ఎక్కిన గుంయ్‌కారాన్ని 50 అనుకుంటే పాట 3 శాతం, అంటే అరమెట్టు స్వరంలో సగం, తప్పుతుంది. సరిదిద్దేటప్పుడు శ్రుతినీ వేగాన్నీ కలిపి మార్చే సదుపాయమే వాడాలి. వేగం కదలకుండా శ్రుతిని మాత్రం మార్చేది వాడితే మృదంగం మాట మారిపోతుంది. ఒక అరమెట్టు పెంచాలంటే 5.95 శాతం, తగ్గించాలంటే 5.61 శాతం.

ఇంతవరకూ చేశాక ఆ ఫైలును తాకకుండా రెండు చోట్ల దాచి, మెరుగులన్నీ నకలు మీదే దిద్దాలి. రొద తీయడంలో మన సంగీతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఆ సాఫ్ట్‌వేర్లు ఎడతెగకుండా ఒకే తీరుగా ఉండే శబ్దాన్ని రొద కింద లెక్కేస్తాయి. తంబురా, శ్రుతిపెట్టె సరిగ్గా అలాంటివే. రొద నమూనాను పాటకూ పాటకూ మధ్య, తంబురా లేని చోట, రికార్డింగ్ నడుస్తున్న నిశ్శబ్దం నుంచి తీసుకోవాలి. టేపు మొదట్లోని రంగు లీడరు మీద అసలు అయస్కాంతపు పూతే ఉండదు, అక్కడి నమూనా ఎందుకూ కొరగాదు. తగ్గింపు 6 నుంచి 8 డెసిబెల్స్ చాలు. తీసేసిన భాగాన్ని మాత్రమే వినిపించే సౌకర్యం అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందులో తంబురా జీవాళి (తీగల ఝుంకారం) గానీ, మాటల్లోని శ-కారాలు గానీ వినబడితే మోతాదు మించినట్టు. మాటల కోసం తయారైన ఏఐ యాప్‌లు గమకం చివర సన్నగిల్లే నాదాన్ని కోసేస్తాయి. కొంచెం రొద ఉన్న పాటను చెవి రెండు నిమిషాల్లో అలవాటు చేసుకుంటుంది. నీళ్లలోంచి పాడినట్టున్న గొంతును ఎప్పటికీ అలవాటు చేసుకోదు.

గొంతునూ వాద్యాలనూ విడదీసే డెమక్స్ లాంటివి నిజంగా గొప్ప పరికరాలే. జాన్ లెనన్ పాత క్యాసెట్‌లోంచి గొంతును వేరుచేసి బీటిల్స్ వారు 2023లో కొత్త పాట విడుదల చేశారు. అక్కడ విడదీయాల్సింది గొంతును, పియానోను. డెమక్స్ మామూలుగా పోసే అరలు నాలుగు: గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి. మన కచేరీలో గాయని వెంటే నడిచే వయొలిన్ గొంతు అరలోకి పాకుతుంది. మృదంగం ఎడమ మూత బేస్‌లోకి, కుడి మూత ఇంకోచోటికి చీలిపోతుంది. విడదీసిన గొంతును ఒంటరిగా వాడితే ఈ అతుకులన్నీ బయటపడతాయి. పాత పాటను అలాగే ఉంచి, దాని కింద సన్నగా కొత్త వాద్యం వేస్తే అతుకు తెలియదు. అయితే టేపు వేగపు ఊగిసలాటను ముందే సరిచేసి ఉండాలి, లేకపోతే కొత్త ఫ్లూటే అపశ్రుతి పలికినట్టు అనిపిస్తుంది. చివర్లో లెవెల్‌ను అరిచేంత బిగించడమూ దండగే. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కు (చెవికి తెలిసే బిగ్గరతనపు కొలత) మించినదాన్ని తనే తగ్గిస్తుంది. మిగిలేది దెబ్బ చచ్చిన మృదంగం.

అప్పటి కీబోర్డు కళాకారుల దగ్గర ఫ్లాపీలు ఉంటే అవి క్యాసెట్ కంటే విలువైనవి. వాటిలో మిడి ఫైలు (ఏ స్వరాన్ని ఎప్పుడు, ఎంతసేపు నొక్కారో రాసిపెట్టుకున్నది) దొరికిందంటే ఆనాటి వాద్యగోష్ఠిని స్వరం మారకుండా ఈనాటి ధ్వనులతో మళ్లీ పలికించవచ్చు.

హక్కుల గురించి ఒక్కమాట. పాడింది మనమే కాబట్టి పాట మనదే అనుకోవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, చొరవ తీసుకుని, బాధ్యత వహించి చేయించిన నిర్మాతది. విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకుల హక్కు విడిగా 50 ఏళ్లు. అన్నమయ్య సాహిత్యం అందరిదీ, కానీ చాలా కీర్తనలకు వరుసలు కట్టింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలాంత్రపు రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. పాత ఒప్పంద కాగితం వెతికి చదివాకే పాటను జనంలోకి వదలాలి.

ఇదంతా ఒక్కొక్కరూ ఇంట్లో చేసుకోవడం కష్టం. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాల ఉంది. విజయవాడలో, హైదరాబాద్‌లో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. ఒక్కోచోట సర్వీసు చేయించిన డెక్ ఒకటి, ఆడియో ఇంటర్‌ఫేస్, వేగం చూసుకోవడానికి 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపు, అజిముత్‌కు 10 కిలోహెర్ట్జ్ టేపు, మార్పు బెల్టులు, ఖాళీ షెల్‌లు, స్క్రూ తిప్పడం తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. కళాకారులు తమ క్యాసెట్టు, తమ హార్డ్ డిస్కు తెచ్చుకుని ఎక్కించుకుంటారు. తుడుపు, సర్దుబాటు కలుపుకుని ఒక సీ-60కి (అరవై నిమిషాల క్యాసెట్) రెండు గంటలు పడుతుంది కనుక రోజుకు నాలుగుకు మించి ఒప్పుకోకూడదు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ ఈ ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ఇద్దరు శబ్దగ్రాహకులు,
విజయవాడ