‘పర్లేదు’ను సంతృప్తి కింద రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య ఫోను మోగితే సగం సార్లు అవతల మనిషి ఉండడు, రికార్డు గొంతు ఉంటుంది. ‘మీ ప్రాంతంలో పారిశుద్ధ్యం పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా? అవును అయితే ఒకటి, కాదు అయితే రెండు నొక్కండి.’ నాలుగు రోజులకు ఇంతమంది సంతృప్తిగా ఉన్నారని ప్రకటన వస్తుంది. ఇంటింటికీ తిరిగి అభిప్రాయాలు రాసుకునే పనిలో ఉన్నవాళ్లుగా ఆ అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ చెడుతుందో పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించండి.

మొదటి చిక్కు ప్రశ్నలోని మాటతోనే. ‘మీ ప్రాంతం’ అని ఎవరూ అనుకోరు. గుంటూరు, ఖమ్మం వైపు ‘మా బజారు’ అంటారు, హైదరాబాద్‌లో ‘మా గల్లీ’, ‘మా బస్తీ’, ‘మా కాలనీ’ అంటారు, అనంతపురం వైపు ‘మా గేరి’ వినిపిస్తుంది. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లకు ప్రాంతం అంటే చాలాసార్లు గేటు లోపలిదే. గేటు బయట చెత్తకుప్ప ఉన్నా ‘మా దగ్గర నీట్‌గా ఉంటుందండీ’ అంటారు. అది అబద్ధం కాదు, వాళ్ల సరిహద్దు అక్కడితో ఆగిపోయింది. పల్లెలో ఇంకా లోతైన తేడా ఉంది. ‘మీ ఊరు ఎలా ఉంది?’ అని ఎస్సీ వాడలో అడిగి చూడండి. చాలాచోట్ల ఆ వాడలోంచి బయల్దేరేవాళ్లు ‘ఊళ్లోకి పోతున్నా’ అంటారు. అంటే వాళ్ల మాటలో ఊరంటే అవతలిది. ఊరు ఎలా ఉందంటే సిమెంటు రోడ్డు ఉన్న ఆ అవతలి వైపు గురించే చెబుతారు. ‘బాగానే ఉంది’ అని రాసుకుని వచ్చేస్తే వాడలో మురుగు సంగతి కాగితం మీదికే రాదు. అందుకే పట్నంలోనైనా పల్లెలోనైనా ముందు హద్దు గీయాలి: ‘మీ గుమ్మం దగ్గర్నుంచి పది నిమిషాలు నడిస్తే ఎంత దూరం వెళ్తారో, అంతవరకు చెప్పండి.’ ఈ ఒక్క వాక్యంతో జవాబులు మారిపోతాయి.

రెండోది, ఎవరిని అడిగారన్నది. నగరాల్లో బతుకు ఎంత సులువో మార్కులేసి కేంద్రం 2021 మార్చిలో విడుదల చేసిన సులభ జీవన సూచీ (ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్) 2020లో 111 నగరాలు ఉన్నాయి. పది లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాల్లో బెంగళూరు మొదటిది, అంతకు తక్కువ ఉన్నవాటిలో మన కాకినాడ నాలుగోది. మొత్తం మార్కుల్లో 30 శాతం పౌరుల అభిప్రాయానికి ఇచ్చారు. ఇది మంచి నిర్ణయం, మెచ్చుకోవాలి. ఆ సర్వేలో 32.2 లక్షల మంది పాల్గొన్నారు. అంత పెద్ద సంఖ్య చూడగానే నమ్మకం కలుగుతుంది. కానీ ఒకే బావిలో వెయ్యి బిందెలు తోడినా తెలిసేది ఆ ఒక్క బావి నీళ్ల రుచే. లింకు పంపి నింపమన్నప్పుడు లింకు చేరినవాళ్లే, తీరిక ఉన్నవాళ్లే, ఆఫీసులో పైవాళ్లు నింపమన్నవాళ్లే నింపుతారు. ఎంతమంది అన్నదానికన్నా ఎలా ఎంచారన్నది ముఖ్యం. ఇంకో సంగతి: ఆ సర్వే 2020 జనవరి 16 నుంచి మార్చి 20 వరకు జరిగింది. వానాకాలం లేదు కాబట్టి మురుగు పొంగదు. నడివేసవి రాలేదు కాబట్టి ట్యాంకరు కోసం క్యూ ఉండదు. మన వీధులు ఏడాదిలో కాస్త మర్యాదగా ఉండే రోజులవి. నీళ్ల గురించి ఏప్రిల్, మే నెలల్లో, కాలువల గురించి ఆగస్టులో అడగాలి. ఒక్కసారే అడిగే స్తోమత ఉంటే ఏ నెలలో అడిగారో అంకె పక్కనే వేయాలి.

పల్లెల సంగతికొస్తే, గ్రామసభ ఉంది కదా అంటారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో సభలు జరిగాయి. మంచిదే. అయితే సభ అభిప్రాయ సేకరణ కాదు. పనులు తీర్మానించడానికి సభ కావాలి, నలుగురి ముందు అనలేని మాట వినడానికి మాత్రం గుమ్మం దగ్గరికే వెళ్లాలి.

ఇక పద్ధతి. 600 గడపల ఊరు అనుకుందాం. పంచాయతీలో ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు ఉంటుంది, చాలామంది దాన్నే జాబితాగా వాడతారు. అందులో అద్దెకున్నవాళ్లు ఉండరు, చెరువు కట్ట మీద గుడిసెలు తరచూ ఉండవు. కాబట్టి రిజిస్టరు చేతిలో పట్టుకుని ఊరంతా ఒకసారి నడిచి, పొయ్యి వెలిగే ప్రతి కప్పుకూ ఒక నంబరు వేసుకోవాలి. దీనికి ఇద్దరికి ఒకరోజు చాలు. తర్వాత ఒకటి నుంచి మూడు లోపు ఒక అంకె చీటీ తీసి, అక్కడినుంచి ప్రతి మూడో ఇంటికి వెళ్లాలి. 200 ఇళ్లు వస్తాయి. ఫలితం ఐదారు శాతం అటూ ఇటూగా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడే చాలా సర్వేలు బోర్లాపడతాయి. ఆ 600లో వాడ ఇళ్లు 60 అయితే, ప్రతి మూడో ఇంటి లెక్కన అక్కడ దొరికేవి 20. ఇరవై ఇళ్లతో వాడ గురించి ఏమీ చెప్పలేం, తప్పు 18 శాతం దాకా ఉంటుంది. కాబట్టి వాడలో 60 ఇళ్లకూ వెళ్లాలి, మిగతా 540లో ప్రతి మూడోది తీసుకుని 180 ఇళ్లు చేయాలి. మొత్తం 240. కూడేటప్పుడు మాత్రం ఊరి ఇంటి జవాబును మూడుగా, వాడ ఇంటి జవాబును ఒకటిగా లెక్కించాలి. ఉదాహరణకు ‘కాలువ బాగుంది’ అని ఊళ్లో 126 మంది, వాడలో 12 మంది చెప్పారనుకోండి. ఈ బరువు వేయకుండా కూడితే 57.5 శాతం, బరువు వేస్తే 65 శాతం. సరైన సగటు 65. కానీ ఆ సగటు ఎవరికి కావాలి? ఊళ్లో 70 శాతం, వాడలో 20 శాతం అని రెండు అంకెలూ విడివిడిగా వేస్తేనే కాలువ ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. పట్నంలో వార్డు సర్వేకూ ఇదే సూత్రం. మెయిన్ రోడ్డు మీది కాలనీని, దాని వెనక బస్తీని కలిపి సగటు తీస్తే ఇద్దరికీ చెందని అంకె మిగులుతుంది.

ఒక ఫారానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తాళం వేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లడం, తిరుగుడు కలుపుకుంటే నిజాయితీగా పనిచేసే మనిషి రోజుకు ఎనిమిది, పది ఇళ్లు చేయగలడు. 240 ఇళ్లకు నలుగురు వారం రోజులు. ఎవరైనా రోజుకు ముప్పై చేశామంటే అవి రావిచెట్టు కింద కూర్చుని నింపిన ఫారాలని అనుమానించాలి. పదింట ఒక ఇంటికి పర్యవేక్షకుడు మర్నాడు వెళ్లి రెండు ప్రశ్నలు తిరిగి అడిగితే బయటపడుతుంది. తాళం ఉందని పక్కింటికి వెళ్లిపోవడం ఇంకో అలవాటు. పగలు తాళం ఉండేది కూలికి, ఉద్యోగానికి వెళ్లే ఇళ్లకే. వాళ్లను వదిలేస్తే ఇంటిపట్టున ఉండేవాళ్ల అభిప్రాయమే ఊరి అభిప్రాయమైపోతుంది. పొద్దున ఏడుకు, సాయంత్రం ఆరున్నరకు, ఆదివారం ఒకసారి, మూడు వేళల్లో వెళ్లి చూశాకే ఇల్లు మార్చాలి. ఎవరు తలుపు తీస్తే వాళ్లనే అడగడమూ తప్పే. ఇంట్లో పద్దెనిమిది నిండినవాళ్లలో ఎవరి పుట్టినరోజు ఇటీవల అయిందో వాళ్లను అడగాలి. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లున్న ఇంట్లో పేర్లు చీటీలు వేయడమే మేలు. ‘ఆమెకేం తెలుసు, నేను చెబుతా రాసుకోండి’ అనే గొంతు లోపల్నుంచి వస్తుంది. మర్యాదగానే ‘మీది తర్వాత రాసుకుంటాం సార్, ముందు అమ్మది’ అనాలి. ఫోను సర్వేలో ఈ వీలే లేదు. ఫోను ఎవరి చేతిలో ఉంటే జవాబు వాళ్లదే.

అడిగేవాళ్ల పక్కన ఎవరు నిలబడ్డారన్నది ఇంతకన్నా ముఖ్యం. సర్పంచి మనిషో, వార్డు సిబ్బందో తోడు వస్తే ఇల్లు వెతకడం సులువు, నిజం వినడం కష్టం. పింఛనుకూ రేషను కార్డుకూ ఇదే ఫోను నంబరు, ఇదే ఆధారు. రెండు నొక్కితే ఏమవుతుందోనన్న భయాన్ని అమాయకత్వం అనకూడదు, అది ముందుజాగ్రత్త. ఫారం మీద పేరు, ఆధారు, ఫోను నంబరు రాయకుండా ఇంటి వరుస నంబరు మాత్రమే వేసి, ఆ మాట ముందే చూపించి చెప్పాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నలు. ‘నీళ్ల సరఫరా పట్ల సంతృప్తిగా ఉన్నారా?’ అని కాక ‘నిన్న నీళ్లు వచ్చాయా, ఎన్నింటికి, ఎన్ని బిందెలు పట్టారు?’ అని అడగాలి. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ కొలత మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిదికి పైనే. పది బిందెలే పట్టినామె ‘నీళ్లకేం ఇబ్బంది లేదు’ అనవచ్చు. ఒకప్పుడు పొలంబావికి నడిచిన మనిషికి గుమ్మంలో పది బిందెలు భాగ్యమే. పట్నంలో రోజూ వచ్చే కుళాయి అరగంట ఆలస్యమైతే ‘ఇక్కడ బతకలేం’ అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సంతృప్తి చూపించేది నీళ్లను కాదు, దేనితో పోల్చుకుంటున్నారో దాన్ని. అందుకే పల్లె కన్నా పట్నం వాళ్లు ఎక్కువ అసంతృప్తితో ఉన్నారని వచ్చే పోలికలను మేం అంతగా నమ్మం. జరిగింది ఒక గడిలో, దానిమీద వాళ్ల భావన పక్క గడిలో రాయాలి. ఆ రెంటి మధ్య దూరం ఎక్కడ ఎక్కువో అక్కడే అలవాటు పడిపోయిన కష్టం ఉంటుంది.

భద్రత గురించి కూడా అంతే. ‘మీ వీధి సురక్షితమేనా?’ అంటే పరువు అడ్డొచ్చి అవుననే అంటారు. ‘రాత్రి తొమ్మిదికి బస్సు దిగి మీ అమ్మాయి ఒక్కతే నడిచి వస్తుందా, ఎవరైనా ఎదురెళ్తారా?’ అంటే స్తంభానికి లైటు లేని మలుపు, కుక్కలుండే సందు, బెల్టు షాపు అన్నీ వాటంతటవే వస్తాయి. ఇరుగుపొరుగు గురించి అడగాలంటే ‘పాలలోకి తోడు లేకపోతే ఎవరింటికి వెళ్తారు? ఊరెళ్తే తాళంచెవి ఎవరికి ఇస్తారు?’ చాలు. ఎన్ని ఇళ్లు చెప్పారో, ఏ వైపు ఇళ్లు చెప్పలేదో గమనిస్తే ఆ వీధిలో గీతలు ఎక్కడున్నాయో కనబడతాయి. అపార్ట్‌మెంట్లలో తాళంచెవికి జవాబు తరచుగా ‘వాచ్‌మన్’.

మునిసిపాలిటీల్లో కలిసిన పల్లెల్ని వేరే కట్టగా పెట్టాలి. అక్కడ గ్రామీణ ఉపాధి పని పోతుంది, పన్ను పెరుగుతుంది, గేదెలు మాత్రం అక్కడే ఉంటాయి. పల్లె ప్రశ్నలూ సరిపోవు, పట్నం ప్రశ్నలూ సరిపోవు.

కొలబద్ద విషయం. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటే చాలామంది మూడు దగ్గర ఆగిపోతారు, లేదా మనం నొచ్చుకోకుండా నాలుగు వేస్తారు. రూపాయికి ఎన్ని పైసల వంతు బాగుందంటే ముసలివాళ్లు కూడా తడుముకోకుండా చెబుతారు. పెద్దవాళ్లు కొందరు ‘పదహారణాలా’ అని నవ్వుతారు కూడా.

చివరగా ‘పర్లేదు’. మా ఫారాల్లో అన్నింటికన్నా ఎక్కువసార్లు వినబడే జవాబు ఇదే, ఎక్కువసార్లు తప్పుగా రాసేదీ ఇదే. బాగుంది అనీ, చెడ్డగా లేదనీ, చెప్పి ఏం లాభమనీ, మీరు వెళ్తే నేను పొయ్యి చూసుకోవాలనీ, అన్ని అర్థాలూ ఆ మాటలోనే ఉన్నాయి. అడిగేవాడు తొందరలో దాన్ని ‘సంతృప్తి’ గడిలో టిక్కు పెడతాడు. ‘అలవాటైపోయింది’ని కూడా అదే గడిలో వేసినవాళ్లున్నారు! ఈ రెండు మాటలకూ ఫారంలో వేరే గడి పెట్టించాలి. ఆ గడిలో టిక్కు పడితే ‘పర్లేదంటే ఎలాగండీ, ఒకటి మార్చాలంటే ఏం మారుస్తారు?’ అని అడిగి, వచ్చిన మాటను వచ్చినట్టే రాయాలి. వాళ్ల యాసను మన యాసలోకి దిద్దకూడదు.

ఫలితాలు వచ్చాక కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి ఊరుకుంటే సగం మంది చూడరు. వాడలో, పాలకేంద్రం దగ్గర, రేషను షాపు దగ్గర కూడా అంటించి, చదవలేనివాళ్ల కోసం ఒక సాయంత్రం చదివి వినిపించాలి. ఆరు నెలలకు మళ్లీ అవే 240 ఇళ్లకు వెళ్లండి. ‘పోయినసారి కాలువ అని రాయించాను, ఏమైంది?’ అని వాళ్లే ముందు అడుగుతారు. ఆ ప్రశ్న రాసుకోవడానికి కూడా ఫారంలో ఒక గడి ఉంచుకోవాలి.

ఇట్లు,
ఇంటింటి సర్వేల్లో పనిచేసే కొందరు క్షేత్ర సిబ్బంది