కహాల్ తేల్చింది ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్ ప్రపంచానికి ఏమిచ్చిందో చెబుతూ మీరు వేసిన ఆదివారం వ్యాసంలో చిత్రకళకు, ఫ్లమెంకోకు, ఫుట్‌బాల్‌కు చోటు బాగానే దక్కింది. విజ్ఞానానికి దక్కింది ఒకే వాక్యం. నాడీకణాన్ని కనుగొన్నది కహాల్ అన్న ఆ వాక్యం కూడా సరైంది కాదు. నాడీకణాలను 1830లలోనే చెక్ శాస్త్రవేత్త పుర్కింజె వర్ణించాడు. సాంటియాగో రామోన్ ఇ కహాల్ (1852-1934) తేల్చింది వేరే సంగతి. మెదడు అతుకుల్లేని వల కాదని, ప్రతి కణమూ దేనికది విడిగా ఉంటుందని, దాని కొస మరో కణం దాకా వచ్చి ఆగిపోతుందని ఆయన చూపించాడు.

అది ఎలా చూపించాడన్నదే అసలు విషయం. హిస్టాలజీ (కణజాలాలను సూక్ష్మదర్శినిలో చూసే శాస్త్రం) బోధించేవాళ్లం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

వెండి లవణంతో కణాలను నల్లగా చేసే పద్ధతిని 1873లో బయటపెట్టింది ఇటలీకి చెందిన గోల్జీ. అది ఒకసారి పండేది, పదిసార్లు పోయేది. అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1887లో మాద్రిద్‌లో సిమార్రో అనే వైద్యుడి దగ్గర కహాల్ ఆ పద్ధతిలో చేసిన స్లైడులు చూశాడు. మరుసటి ఏడాది బార్సెలోనాలో కూర్చుని ఆ పద్ధతినే రెండు చోట్ల మార్చాడు.

మొదటిది, ముంచడం. 3 గ్రాముల పొటాషియం డైక్రోమేట్‌ను 100 మి.లీ. నీటిలో కరిగించి, 1 శాతం ఆస్మిక్ ఆమ్లం 25 నుంచి 30 మి.లీ. కలపాలి. మెదడు ముక్క 4 మి.మీ. మందం దాటకూడదు, దాటితే ద్రవం లోపలికి దిగదు. కొన్ని రోజులు ఉంచి తీసి, పైతడి అద్ది, 0.75 శాతం సిల్వర్ నైట్రేట్‌లో ఒకటి రెండు రోజులు వేయాలి. అప్పుడు కణం లోపల సిల్వర్ క్రోమేట్ పేరుకుంటుంది. గోల్జీ అక్కడితో ఆగాడు. కహాల్ అదే ముక్కను మళ్లీ డైక్రోమేట్‌లోకి, మళ్లీ వెండిలోకి పంపాడు. మొదటి విడతలో అందని సన్నని కొసలు రెండో విడతలో తేలాయి.

అంతా అదునులో ఉంది. డైక్రోమేట్‌లో రెండు మూడు రోజులే ఉంచితే ఎక్కువగా గ్లియా కణాలు (నాడీకణాలకు ఆసరాగా ఉండేవి) పడతాయి. మూడు నుంచి ఐదు రోజులైతే నాడీకణాలు, ఇంకా ఉంచితే పోగులు, అంటే నాడీకణం నుంచి సాగే సన్నని తీగలు. గది చల్లగా ఉంటే ఈ లెక్కలన్నీ మారతాయి. ముక్క పైభాగాన స్ఫటికాలు గడ్డకట్టి చూపుకు అడ్డం రావడం మామూలే, పల్చగా జిలాటిన్ పూస్తే ఆ బెడద తగ్గుతుంది. కవర్ స్లిప్ వేస్తే స్లైడు కొన్నాళ్లకు చెడుతుంది, అందుకని చిక్కటి రెసిన్ ఒక్కటే వేసి వదిలేసేవారు. ఈ పద్ధతిలో నూటికి కొన్ని కణాలే నల్లబడతాయి, అవే ఎందుకన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ అదే దీని బలం. అన్నీ నల్లబడితే కనిపించేది సిరా మరకే. (ఆస్మిక్ ఆవిరి కళ్లను దెబ్బతీస్తుంది, డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని చోట విద్యార్థులు వీటి జోలికి పోకూడదు.)

రెండో మార్పు ఇంకా తెలివైనది. ఎదిగిన మెదడులో పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొర వెండిని లోపలికి రానివ్వదు. కహాల్ పక్షి పిండాలను, అప్పుడే పుట్టిన జీవులను ఎంచుకున్నాడు. ముదిరిన అడవిలో దారి దొరకనప్పుడు నారుమడిలోనే చెట్టును చూడవచ్చు కదా అన్నది ఆయన వాదన. 1888 మే నెలలో పక్షుల చిన్నమెదడు మీద వచ్చిన వ్యాసంలో, కొన్ని కణాల పోగులు పుర్కింజె కణాల (చిన్నమెదడులోని పెద్ద నాడీకణాల) చుట్టూ బుట్ట అల్లినట్టు అల్లుకుని అక్కడే ముగిసిపోవడం చూపించాడు. ఆ పత్రికను అచ్చువేయించింది తన సొంత డబ్బుతోనే. మరుసటి ఏడాది స్లైడులు తీసుకుని బెర్లిన్ వెళ్తే, కోలికర్ వంటి పేరున్న శరీరనిర్మాణ శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో చూసి ఒప్పుకున్నాడు. నాడీకణానికి న్యూరాన్ అన్న పేరు 1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ పెట్టింది.

నాడీకణాల కొమ్మల మీద ముళ్లలాంటి బొడిపెలను కూడా కహాల్ చూశాడు. అవి వెండి పేరుకున్న మచ్చలేనని కొట్టిపారేసినవాళ్లున్నారు. ఆయన వాదనకు దిగలేదు. వెండితో సంబంధమే లేని మిథిలీన్ బ్లూతో రంగు వేసి, అవే బొడిపెలను మళ్లీ చూపించాడు. ఒక పద్ధతి చూపినదాన్ని మరో పద్ధతితో సరిచూడాలని మా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

1906లో నోబెల్ బహుమతిని గోల్జీ, కహాల్ పంచుకున్నారు. గోల్జీ తన ప్రసంగంలో సైతం వల సిద్ధాంతాన్నే సమర్థించాడు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కణాల మధ్య సందును కళ్లకు కట్టింది, దాని వెడల్పు 20 నానోమీటర్ల చుట్టుపక్కల.

పియో దెల్ రియో ఓర్తెగా పేరు మీ వ్యాసంలో అసలే లేదు. కహాల్ బృందంలో పనిచేసి, సిల్వర్ కార్బనేట్‌తో గ్లియాలోని రెండు రకాలను, 1919లో మైక్రోగ్లియాను, 1921లో ఆలిగోడెండ్రోగ్లియాను వేరుచేసి చూపినవాడాయన. ఆ పద్ధతి నేర్చుకోవడానికి 1924లో మెదడు శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ మాద్రిద్ వెళ్లాడు. అంతర్యుద్ధంలో దేశం విడిచిన ఓర్తెగా 1945లో బ్యూనస్ ఎయిర్స్‌లో కన్నుమూశాడు.

దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి. విద్యార్థుల పేజీలో కహాల్ చేత్తో గీసిన పుర్కింజె కణం బొమ్మ ఒకటి, కింద ఆయన పేరుతో వేయండి. ఆయన పత్రాలు, బొమ్మలు 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరాయి. అచ్చులో ఆ బొమ్మ కనీసం అరచేయంత ఉండాలి, అంతకన్నా తగ్గితే సన్న కొమ్మలు కలిసిపోయి అది మళ్లీ వలలాగే కనిపిస్తుంది.

ఇట్లు,
హిస్టాలజీ అధ్యాపకులు, విశాఖపట్నం