ఈస్ట్ పెళ్ళిళ్ళు

ఒరేయ్ మావా,

"ఈస్ట్‌లో కూడా ఆడా మగా ఉంటాయా, వాటి పెళ్ళిళ్ళ మీద పీహెచ్‌డీ ఏంట్రా" అని నవ్వావు కదా, మా అమ్మదీ అదే వరస. పండక్కి అమలాపురం వచ్చింది మొదలు ఒకటే పోరు: వాటి సంబంధాలు సరే, నీ సంగతేంటి అని. ఆవిడకి చెప్పేదేం లేదు గానీ నీకు చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆడా మగా కాదురా, 'ఏ', 'ఆల్ఫా' అని రెండు రకాలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక 'ఏ' కణం, ఒక ఆల్ఫా కణం కలిసి ఒకే కణం అవడమే పెళ్ళి. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల చిన్న ఫెరోమోన్, అంటే జతని పిలిచే రసాయనం, వదుల్తుంది. అది తగిలితే 'ఏ' కణం విభజన ఆపేసి, అటువైపు మూతి సాగదీస్తుంది.

కణం ఏ రకమో తేల్చేది మూడో క్రోమోజోమ్‌లో మ్యాట్ అనే చోటు. తమాషా ఏంటంటే, అదే క్రోమోజోమ్‌కి ఎడమ కొసన ఆల్ఫా జన్యువుల పూర్తి కాపీ, కుడి కొసన 'ఏ' కాపీ మామూలుగా దాగి ఉంటాయి. అక్షరం చెడకుండా ఉండి కూడా పలకవు, అంటే పనిచేయవు. మీ ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది కదా, పెట్టెలో ఎన్ని క్యాసెట్లున్నా లోపల పెట్టిందే మోగేది. 1977లో హిక్స్, స్ట్రాథర్న్, హెర్స్‌కోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు దీనికి క్యాసెట్ మోడల్ అనే పేరు పెట్టారు. హెచ్‌ఓ అనే ఎంజైమ్ మ్యాట్ దగ్గర డీఎన్‌ఏని తెంపితే, కణం కొసనున్న కాపీ చూసి అతుకు వేసుకుంటుంది. 'ఏ' కాస్తా ఆల్ఫా అయిపోతుంది! అదీ తల్లి కణానికే సాధ్యం, అప్పుడే పుట్టిన పిల్ల కణం మారలేదు. ల్యాబ్ జాతుల్లో ఈ హెచ్‌ఓ చెడిపోయి ఉంటుంది, కణం రకం మారదు కాబట్టి మాకు అదే సుఖం. మొన్న బాబాయి కల్లుముంత ముందు పెడితే నాకు ఇదే ఆలోచన: కల్లు పులిసేది ఈస్ట్ వల్లే కదా, బయట పెరిగే ఈస్ట్‌లో సాధారణంగా హెచ్‌ఓ బాగానే పనిచేస్తుంది. బాబాయికి చెప్పబోతే ముందు తాగు అన్నాడు.

మరి ఆ కొసల్లోని కాపీలు పలికితే ఏమవుతుంది? రెండు రకాలూ ఒకేసారి పనిచేసేసరికి కణం తనకి పెళ్ళయిపోయిందనుకుని ఎవరితోనూ కలవదు. వాటి నోరు మూయించేవి సర్ ప్రోటీన్లు, నాలుగు. రెండోది హిస్టోన్ల మీద, అంటే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల మీద, ఉండే ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపుల్ని తీసేస్తుందని, అందుకు కణంలో ఉండే ఎన్‌ఏడీ అనే చిన్న అణువు కావాలని 2000లో తేలింది.

నాకు అసలు పిచ్చి పట్టించింది 1989లో పిల్లస్, రైన్ అనే శాస్త్రవేత్తలు చూసింది. ఆ నాలుగింట్లో మొదటిదైన సర్-1 లేని కణాల్లో డీఎన్‌ఏ అంతా ఒకటే. అయినా కొన్నిట్లో ఆ కాపీలు మూగగా ఉన్నాయి, కొన్నిట్లో పలుకుతున్నాయి. ఏ స్థితిలో ఉన్న కణం ఆ స్థితినే తరతరాలు పిల్లలకి అందిస్తోంది, ఎప్పుడో గానీ మారదు. ఈ మూడో క్రోమోజోమ్ అక్షరాలన్నీ 1992లోనే చదివేశారు, ఏ కాపీ మూగదో ఆ అక్షరాల్లో రాసి ఉండదు. జీనోమ్, అంటే డీఎన్‌ఏ మొత్తం, చదివితే అంతా తెలిసిపోయినట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను వెళ్ళేలోపు ఒకసారి రా, ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపిస్తాను. ఎర్ర కాలనీలో ఏ ఒక్క కణంలో ఆ మూగతనం క్షణం సడలినా, దాని సంతానమంతా ఆకుపచ్చగా వచ్చేలా రైన్ ల్యాబ్ వాళ్ళు ఏర్పాటు చేశారు. ఆ పచ్చ చారలు లెక్కపెట్టడమే ఇప్పుడు నా పని.

నీ
మావ