ఈ నెల మేకపాలు ఎందుకు తగ్గాయంటే

సైనిక్‌పురి, అల్వాల్, తిరుమలగిరి వైపు మా దగ్గర పాలు పోయించుకునే వారందరికీ నమస్కారం.

పది రోజులుగా అర లీటరు వాడికె ఉన్నవారికి పావు లీటరే పోస్తున్నాం. కారణం అడిగితే మా అబ్బాయి ‘వానలండీ’ అని తప్పించుకుంటున్నాడు. వానలది సగం తప్పే. మిగతా సగం నాది.

శామీర్‌పేట దగ్గరి మా దొడ్డిలో మేకలకు నట్టలు, అంటే కడుపులో పురుగులు, పట్టాయి. హీమాంకస్ అనే దారప్పోగు లాంటి నట్ట మేక నాలుగో పొట్టలో చేరి రక్తం తాగుతుంది. ఆడ నట్ట రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. అవి పెంటికల్లో బయటపడి, తడికి పిల్లపురుగులై గడ్డి మీదికి పాకుతాయి. మొన్న మా తెల్లచెవుల మేక కింది రెప్ప తిప్పి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన చోటు నానిన బియ్యపు గింజలా ఉంది. దవడ కింద నీరు దిగింది. వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయింది.

మేక ఒంట్లో ఎదిరించే శక్తి లేక కాదు. నట్ట సోకగానే ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు, యాంటీబాడీలు దాని మీదికి వెళ్తాయి. పోరు గట్టిగా సాగితే నట్ట గిడసబారి గుడ్లు తగ్గిస్తుంది. కానీ మేక పుట్టుకతో కొమ్మలూ రెమ్మలూ తినే జీవి. నేలబారు గడ్డిలోని ఈ పురుగుతో దానికి గొర్రెకున్నంత పాత పరిచయం లేదు, అందుకే గొర్రెలా గట్టి నిరోధం రాదు. పైగా ఈనే రోజుల్లో ఆ కాస్త కాపలా కూడా సడలుతుంది. మావి ఈనింది సరిగ్గా ముసురులోనే. ఇక చెప్పేదేముంది!

నా తప్పు ఏమిటంటే, రెండేళ్లుగా మంద మొత్తానికి ఒకే నట్టల మందు, అదీ గొర్రెల మోతాదులో తాగించాను. మేక ఒంట్లో ఆ మందు త్వరగా విరిగిపోతుందని, మోతాదు చాలదని పశువైద్యుడు చెప్పేదాకా తెలియదు. చావకుండా మిగిలిన నట్టలే పిల్లలు పెట్టి, మందుకు లొంగని నట్టల సంతతిని తయారుచేశాయి. మందు తాగించిన 14 రోజులకు పెంటికలు పరీక్ష చేయిస్తే గుడ్లు దాదాపు అన్నే ఉన్నాయి.

ఇప్పుడు మందు మార్చాం. రెప్ప పాలిపోయినవాటికే ఇస్తున్నాం. మేతలో పల్లిచెక్క, సుబాబుల్ రొట్ట పెంచాం. మాంసకృత్తులు అందితేనే ఒంట్లో ఆ పోరు సాగుతుంది. పచ్చిక మేపు ఆపాం.

ఈ నట్ట పాల ద్వారా మనుషులకు రాదు. మందు తాగిన మేకల పాలు మాత్రం వైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా పారబోస్తున్నాం. మీకు కొరత అందువల్లే. పోయని పాల డబ్బు ఈ నెల లెక్కలో తగ్గిస్తాను.

ఇంకొక మాట. డెంగీకి మేకపాలు కావాలని రాత్రి పదకొండుకు కూడా ఫోన్లు వస్తున్నాయి, ఎంతైనా ఇస్తామంటున్నారు. ప్లేట్‌లెట్లు పెంచే మందని చెప్పి నేను అమ్మను. ముందు ఆసుపత్రికి వెళ్లండి. ఉన్న కొద్ది పాలూ నెలవారీ వాడికెల వారికే, పాత ధరకే.