అమ్మకు, దీపావళి మర్నాడు

మ్యూనిక్,
21 అక్టోబర్ 2025

అమ్మా,

ఫోన్లో అయితే మాట మార్చేస్తావని రాస్తున్నాను. ఈ కాగితం ఫొటో తీసి నాన్నగారి ఫోన్‌కి పంపుతాను, కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు. నేను బాగున్నాను. ఆఫీసు మామూలే, పండగకి సెలవు లేదు.

నిన్న తలంటు పోసుకున్నాను. నాలుగింటికి లేవలేదు, తిట్టకు. ఇక్కడ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయకూడదు, కింద ఫ్లాట్లో పెద్దావిడ నీళ్ల శబ్దానికే లేస్తుంది. అయినా ఈ రోజుల్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఏడున్నరకి. ఆరున్నరకి పోసుకున్నా కటిక చీకటే. నరక చతుర్దశి కూడా మాకు మధ్యాహ్నం పన్నెండు దాకా ఉంది, కావాలంటే నాన్నగారిని పంచాంగం చూడమను.

నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మాడు మీద నేనే అద్దుకున్నాను. నువ్వయితే టపటపా కొడతావు. నా తల నేనే అలా కొట్టుకుంటే పిచ్చిదానిలా అనిపించి ఆపేశాను. సున్నిపిండిలోని బావంచాలు, కచ్చూరాల వాసనకి మాత్రం కాసేపు మన పెరట్లో పీట మీద కూర్చున్నట్టే ఉంది. పొట్లంలో నువ్వు పెట్టిన ఎండు ఉత్తరేణి కొమ్మ మూడుసార్లు తల చుట్టూ తిప్పుకున్నాను. శ్లోకం ‘సీతాలోష్ట సమాయుక్త’ దాకా వచ్చింది, ఆ పైన గుర్తు రాలేదు. ఉత్తరేణి గింజలు స్వెట్టర్‌కి పట్టుకుని ఆఫీసు దాకా వచ్చాయి. మీటింగులో కూర్చుని ఒక్కొక్కటీ పీక్కున్నాను. కుంకుడుకాయ లేదు, షాంపూయే.

ఇప్పుడు అసలు సంగతి. తలంటు అవగానే ఫోన్ చేశాను, మీకు పదిన్నర. తమ్ముడు ఎత్తి ‘అమ్మ పూజలో ఉంది’ అన్నాడు. నీ పూజ ఏనాడైనా తొమ్మిది దాటిందా? గట్టిగా అడిగితే చెప్పాడు, నూనె జిడ్డు మీద జారావని, మోకాలు వాచిందని. గీజర్ కొన్నది దేనికమ్మా? ఆ రాగి కాగు చింతపండు పెట్టి తోమి, పెరట్లో పొయ్యి రాజేసి, మసిలే నీళ్లు నువ్వే మోయాలా? నరక చతుర్దశి రోజు నూనెలో లక్ష్మి, నీళ్లలో గంగ ఉంటారని నువ్వే చెప్తావు. గీజర్ నీళ్లలో ఉండనందా గంగ? మామ్మ అలాగే చేసేదంటావు. మామ్మకి నలుగురు కోడళ్లు.

కోప్పడ్డాననుకోకు. నేనూ ఒకటి దాచాను. సున్నిపిండి, నూనె కలిసి తూములో గడ్డకట్టి నీళ్లు గదిలోకి వచ్చేశాయి. ‘తలంటు బ్రహ్మాండంగా అయింది’ అని తమ్ముడితో అన్నప్పుడు చీలమండల దాకా నీళ్లలో నిలబడి ఉన్నాను. తోడేసరికి తొమ్మిదయింది.

చిన్నాడు దివిటీలు కొట్టాడా? కాళ్లు కడిగి, నోట్లో మిఠాయి పెట్టి లోపలికి తెచ్చింది ఎవరు, నువ్వేనా ఆ మోకాలితో?

రేపటి నుంచి కార్తీకం. కాలువకి బయల్దేరతావని తెలుసు. రేవు మెట్లు పాకుడు. ఇంట్లోనే రెండు చెంబులు పోసుకో, దీపం తులసికోట దగ్గర పళ్లెంలో నీళ్లు పోసి వదులు. ఎక్స్‌రే తీయించేదాకా రోజూ ఫోన్ చేస్తాను.

సున్నిపిండి మళ్లీ పంపు. ఈసారి మెత్తగా పట్టించి, జల్లించి.

నీ
బుజ్జి