షెల్టర్ కట్టారు సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంపాదకులు గారికి నమస్కారం,

వాతావరణ మార్పుల నుంచి జనాన్ని కాపాడే పథకాల మీద మీ పేపర్లో ఈమధ్య వస్తున్న వార్తలు వరసపెట్టి చదువుతున్నా. ఏ దేశం వార్త చూసినా వరస ఒకటే, ఇన్ని వేల కోట్లు మంజూరు, ఇన్ని కిలోమీటర్ల కరకట్ట, ఇన్ని తుఫాను షెల్టర్లు, పక్కన రిబ్బన్ కట్ చేస్తున్న ఫోటో. తప్పని అనను, కట్టాల్సినవి కట్టాలి కదా. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చే మీటింగ్‌లో నీళ్లలో మునిగేవాళ్లు, ఎండకి మాడేవాళ్లు ఎవరైనా కూర్చున్నారా అన్న ఒక్క మాట మాత్రం ఆ వార్తల్లో ఎక్కడా కనపడదు, నేను రాసేది దాని గురించే.

బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1970 భోలా తుఫానులో కనీసం 3 లక్షల మంది పోయారు. 1972లో అక్కడ తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది, మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ (మన రెడ్ క్రాస్ లాంటిదే) కలిసి నడుపుతున్నాయి. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏం లేదండీ, ఊళ్లోవాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి చేతికో మెగాఫోను, సైరను, రేడియో, జెండాలు ఇచ్చారు, అంతే. హెచ్చరిక రాగానే వాళ్లే ఇంటింటికీ తిరిగి చెప్తారు, ముసలివాళ్లని మోసుకెళ్తారు. ఇప్పుడు ఆ వాలంటీర్లు 76 వేల మంది దాకా ఉన్నారు. 2020లో అంఫాన్ తుఫాను వచ్చినప్పుడు 20 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు, అదీ కరోనా టైమ్‌లో, బంగ్లాదేశ్‌లో చావులు పదుల్లోనే ఆగిపోయాయి.

అయితే మధ్యలో 1991 ఉంది, దాన్ని దాటేసి విజయగాథ చెప్పేస్తే సగమే చెప్పినట్టు. ఆ ఏడాది తుఫానుకి దాదాపు 1 లక్షా 40 వేల మంది చనిపోయారు, మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువ. ఎందుకంటే హెచ్చరిక బజార్లో ఉన్న మగవాళ్ల చెవిన పడింది గానీ ఇంట్లో ఆడవాళ్ల దాకా సరిగ్గా రాలేదు, వచ్చినా భర్త రాకుండా ఇల్లు కదలకూడదని ఆగిపోయినవాళ్లున్నారు, షెల్టర్లో ఆడవాళ్లకి వేరే గది లేదు, మరుగుదొడ్డి లేదు, పశువుల్ని ఎక్కడ కట్టేయాలో తెలీదు. ఇవి ఇంజినీరు డ్రాయింగ్‌లో కనిపించే విషయాలు కావు, ఆ ఊరి ఆడవాళ్లని ఒక్కసారి అడిగితే పది నిమిషాల్లో చెప్పేవాళ్లు. తర్వాతెప్పటికో వాలంటీర్ల యూనిట్లలో సగం మంది ఆడవాళ్లు ఉండేలా మార్చారు. ఆ మార్పు మొదటిరోజే చేసుంటే అనిపించదా?

అక్కడిదే ఇంకో కథ ఉంది, దీని గురించి మన పేపర్లలో పెద్దగా రాలేదు. 1960ల్లో విదేశీ సాయంతో తీరం వెంబడి పెద్దపెద్ద కట్టలు కట్టి లోపలి పొలాల్ని చుట్టూ మూసేశారు, ఉప్పునీళ్లు రాకుండా. కొన్నేళ్లు పంటలు బాగానే పండాయి. కానీ సముద్రపు పోటుతో పాటు వచ్చే ఒండ్రు ఇంతకుముందు పొలాల్లో పడేది, ఇప్పుడు లోపలికి దారిలేక నదిలోనే పేరుకుపోయింది, నది అడుగు పైకి లేచింది, లోపల నేలేమో కిందికి అయింది, దాంతో వానకి పడ్డ నీళ్లు బయటికి పోయే దారి లేక ఏళ్ల తరబడి ఊళ్లకి ఊళ్లే నిలవనీళ్లలో ఉండిపోయాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి 1990లో ఖుల్నా వైపు బీల్ డాకాతియా (బీల్ అంటే అక్కడ పల్లపు చిత్తడి నేల) జనం వాళ్లే పలుగు పార పట్టుకుని కట్టకి గండి కొట్టేశారు! ప్రభుత్వం దృష్టిలో అది నేరం. కానీ పోటునీళ్లు లోపలికొచ్చి ఒండ్రు దింపాయి, నేల లేచింది, నది మళ్లీ పారింది. తర్వాత బీల్ భైనాలో 1997లో అదే జరిగింది, ఆ తర్వాత ప్రభుత్వమే ఆ పద్ధతికి పేరు పెట్టి తన ప్లాన్లలో చేర్చుకుంది. చేర్చుకున్నాక ఏం చేసిందంటే, ఒండ్రు కోసం ఏళ్లపాటు నీళ్లకింద వదిలేసిన భూములకి పరిహారం ఇవ్వడానికి కాగితాల మీద కాగితాలు అడిగింది, దాంతో అదే పద్ధతికి జనం ఎదురు తిరిగిన చోట్లూ ఉన్నాయి. జనం దగ్గర ఐడియా మాత్రమే తీసుకుని నిర్ణయం మాత్రం ప్రభుత్వం తన దగ్గరే పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది.

ఎండల విషయానికొస్తే, 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు కొట్టింది, మామూలు మే నెల కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారని తర్వాత లెక్క తేలింది. 2013లో ఆ నగరం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, దక్షిణాసియాలోనే అలాంటిది మొదటిది. రంగుల హెచ్చరికలు, మెసేజ్‌లు, డాక్టర్లకి ట్రైనింగ్, మంచినీళ్ల పాయింట్లు, అన్నీ తక్కువ ఖర్చు పనులే. మంచి పని కాబట్టి మిగతా నగరాలు, రాష్ట్రాలు అందుకున్నాయి, అందుకోవడం అంటే ఎక్కువగా కాపీ కొట్టడం. 2023లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఇట్లాంటి 37 ప్రణాళికలు చదివి చూస్తే, ఎండకి ఎవరు ఎక్కువ దెబ్బతింటారో లెక్కగట్టి చూసినవి 2 మాత్రమే, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మాట్లాడినవి 11. అంటే మిగతావాటిలో రేకుల ఇంట్లో ఉండే ముసలమ్మకి, ఏసీ గదిలో ఉండే ఆఫీసరుకి ఒకటే హెచ్చరిక. ఫ్రాన్స్‌లో 2003 ఆగస్టు ఎండలకి దాదాపు 15 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు, చాలామంది ఒంటరిగా. ఆ తర్వాత అక్కడ మునిసిపాలిటీలు పేరు రాయించుకున్న వృద్ధుల రిజిస్టర్ పెట్టుకుని ఎండ ముదిరితే ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటున్నాయి. రిజిస్టరు, ఫోను, ఇంతేనండీ, దీనికి ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు.

ఇక డబ్బు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2025 రిపోర్టు ప్రకారం 2035 నాటికి అభివృద్ధి చెందుతున్న దేశాలకి వాతావరణ మార్పుల్ని తట్టుకునే పనులకి ఏటా 310 బిలియన్ డాలర్లకు పైనే కావాలి, 2023లో బయటి ప్రభుత్వాల నుంచి వచ్చింది 26 బిలియన్లు. ఈ గ్యాప్ గురించి అందరూ రాస్తారు, మీరూ రాశారు. ఆ వచ్చిన కాస్తలో ఊరిదాకా చేరేది ఎంత అన్నది మాత్రం ఎవరూ రాయరు. 2003 నుంచి 2016 వరకు పెద్ద క్లైమేట్ ఫండ్లు ఇచ్చిన డబ్బు మీద లండన్‌లోని ఒక పరిశోధన సంస్థ చేసిన లెక్కలో స్థానిక స్థాయి పనులకని పెట్టింది 10 శాతం లోపే. మిగిలింది కన్సల్టెంట్లు, రాజధానులు, రిపోర్టులకే పోయిందని నాకనిపిస్తుంది (రిపోర్టులు మాత్రం చాలా బాగుంటాయి లెండి).

దీన్ని మార్చొచ్చా అంటే మార్చినవాళ్లున్నారు. కెన్యాలో ఇసియోలో లాంటి కరువు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) మొదలుపెట్టి, వార్డు స్థాయిలో జనం కమిటీలు ఎన్నుకుని నీటిగుంట ఎక్కడ, మేత భూమి ఎట్లా అన్నది వాళ్లే తేల్చుకునే పద్ధతి పెట్టారు, మకువేని కౌంటీ అయితే అభివృద్ధి బడ్జెట్లో కొంత భాగం దీనికే పెట్టాలని 2015లో రూల్స్ రాసుకుంది. నేపాల్ 2011లోనే క్లైమేట్ డబ్బులో 80 శాతం కింది స్థాయికి వెళ్లాలని పాలసీ పెట్టింది. అట్లా అని కింది కమిటీలన్నీ పాలు, తేనె అనుకోకండి, అక్కడా పెద్ద రైతు మాటే చెల్లుతుంది, డబ్బు తినేవాడు తింటాడు. కానీ ఊళ్లో తింటే ఊరికి తెలుస్తుంది, నిలదీస్తారు, పైన తింటే మనకి తెలిసేలోపు ఆడిట్ రిపోర్టు కూడా పాతబడిపోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట పట్టుకుని ప్రభుత్వాలు తప్పించుకునే ప్రమాదం ఉంది. ఊరే చూసుకోవాలి అనడం అంటే రాడార్లు, వాతావరణ శాఖ, డ్యాముల గేట్ల నిర్వహణ కూడా ఊరి నెత్తిన పడేయడం కాదు. అమెరికాలో వరదలూ మంటలూ రాకముందే ఊళ్లని సిద్ధం చేయడానికి గ్రాంట్లు ఇచ్చే ఒక కార్యక్రమాన్ని 2025 ఏప్రిల్‌లో ఆపేస్తున్నామని ప్రకటించారు, రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ముందు పెట్టే 1 డాలరు తర్వాత 6 డాలర్ల నష్టం తప్పిస్తుందని వాళ్ల దేశంలోనే లెక్కలు కట్టి చూపించారు, అయినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అందరికీ అలవాటు, ఎందుకంటే రాని వరద ఎవరికీ ఓట్లు తేదు.

ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కి దాదాపు 10 వేల మంది పోయారు, 2019లో ఫణి వచ్చినప్పుడు 12 లక్షల మందిని తరలించారు, చావులు 64. అక్కడ చాలా షెల్టర్లు మామూలు రోజుల్లో స్కూళ్లుగా నడుస్తాయి, చూసుకోడానికి ఊరి కమిటీలున్నాయి. రోజూ వాడే బిల్డింగ్ కాబట్టి తలుపులు తెరుచుకుంటాయి, బోరు పనిచేస్తుంది. ఎక్కడో ఊరి చివర కట్టి తాళమేసి వెళ్లిపోతే తుఫాను రాత్రి ఆ తాళంచెవి ఏ ఆఫీసులో ఉందో వెతుక్కోవడమే.

అందుకే ఒక విన్నపం. ఈసారి ఇట్లాంటి పథకం ఏదైనా మొదలైన వార్త వేసినప్పుడు, ఏడాది తర్వాత మీ రిపోర్టర్ని అదే చోటికి పంపించండి. మంజూరైన డబ్బులో ఎంత ఖర్చయింది, రిపేరుకి బడ్జెట్ ఉందా, కమిటీలో ఆడవాళ్లెంతమంది, ఎన్ని మీటింగ్‌లు జరిగాయి, వాళ్లు వద్దన్న పని ఒక్కటైనా ఆగిందా అని అడిగి వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు వేయండి. లోపలి పేజీలో వేసినా సరే, మొదటి వార్త వేసినంత సైజులో ఉంటే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు