మోతకి వచ్చే చెవుడు జబ్బయితే, అదురుకి మొద్దుబారే చేతులు జబ్బు కాదా? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారమండి.

1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో పని వల్ల వచ్చే జబ్బులు 29 రాసుండేవి. గ్రైండర్ మోతకి చెవుడొస్తే అది ఆ లిస్టులో ఉంది, డాక్టర్ గుర్తిస్తే పైకి రిపోర్ట్ చెయ్యాలి. అదే గ్రైండర్ అదురుకి చేతులు చచ్చుబడితే మాత్రం లిస్టులో లేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోకి కూడా ఆ లిస్టే వచ్చింది, ఈ ఖాళీ అలాగే ఉండిపోయింది.

మా అన్నయ్య ఫౌండ్రీలో ఫెట్లింగ్ పని చేస్తాడు. అంటే పోత పోసిన కాస్టింగ్ అంచుల్లో మిగిలిన ఇనుమంతా చిప్పింగ్ హామర్ అనే గాలి సుత్తితో కొట్టేసి, ఏజీ సెవెన్ అనే చేతి గ్రైండర్‌తో నున్నగా అరగదియ్యాలి. పీస్ రేటు కాబట్టి మెషిన్ కింద పెట్టడు. మొదట్లో రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి లేచి కూర్చుని చేతులు విదిలించుకునేవాడు, ఇప్పుడు పగలూ అంతే, చొక్కా గుండీలు వదిన పెడుతుంది, జేబులో చెయ్యి పెడితే తగిలింది రూపాయి బిళ్లో తాళంచెవో వేళ్లకి తెలీదు, బయటికి తీసి చూసుకోవాలి. వయసేమో నలభై దాటిందంతే. ఆస్పత్రికి వెళ్తే షుగర్ టెస్ట్ చేసి, లేదని తేలాక బీ కాంప్లెక్స్ రాసి పంపేశారు. ఏ మెషిన్ మీద చేస్తావు, రోజుకి ఎన్ని గంటలు అని ఒక్క మాట అడగలేదండి!

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1918లోనే అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలో రాయి చెక్కేవాళ్లని చూసి, గాలి సుత్తులు పట్టినవాళ్ల వేళ్లు చలికి తెల్లగా పాలిపోతున్నాయని రాసింది. బ్రిటన్ 1985లో దీన్ని పరిహారం ఇచ్చే వృత్తి జబ్బుల్లో చేర్చింది. యూరప్‌లో 2002 నుంచి లెక్క కూడా ఉంది, 8 గంటల షిఫ్టుకి చేతికి అందే అదురు సెకండ్ స్క్వేర్‌కి 5 మీటర్లు దాటకూడదు, 2.5 దాటినప్పుడే యజమాని తగ్గించే పని మొదలుపెట్టాలి. అదురు రెట్టింపైతే పట్టుకునే టైము నాలుగో వంతుకి పడిపోవాలి, అంటే అదే కొలతలో మెషిన్ 10 అదిరితే 2 గంటలు, 20 అదిరితే అరగంట. మన దగ్గర పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టుకునే ఉంటారు.

ఇంకో చిక్కుందండి. చలి దేశాల్లో వేళ్లు తెల్లబడటం కంటికి కనపడుతుంది, మన ఎండలకి అది పెద్దగా బయటపడదు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి, ముదిరాక మళ్లీ మామూలుకి రావడం కష్టం. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినా చేతులు బాగానే కనిపిస్తాయి. గ్లౌజులిచ్చాం కదా అంటారు, గుడ్డ గ్లౌజు చర్మం గీరుకోకుండా కాపాడుతుందేమో గానీ అదురుని ఆపదు.

అందుకే అడుగుతున్నా. ఫ్యాక్టరీల్లో ఏటా చేసే మెడికల్ చెకప్‌లో చేతుల పరీక్ష పెట్టించండి. అదురు వేళ్లకి తెలుస్తోందో లేదో చూసే ఒక ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే సన్నగా అదిరే లోహపు ఫోర్క్), పిడికిలి బలం కొలిచే మీటర్ ఉంటే మొదటి పరీక్షకి చాలు, ఏ ఈఎస్ఐ డిస్పెన్సరీకైనా ఇవి భారం కావు. మెషిన్ కొనేటప్పుడు దాని అదురు ఎంతో మాన్యువల్ చూసి రిజిస్టర్లో రాయమనండి, అరిగిన ఉలులు, బ్యాలెన్స్ తప్పిన వీల్స్ మార్చమనండి. జబ్బుల లిస్టులో చేర్చమని కేంద్రానికి మీరు లెటర్ రాయండి, అందులో చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్ పట్టేవాళ్ల సంగతి కూడా రాయండి, గనుల భద్రత చూసేది కేంద్రమే కాబట్టి.

అన్నిటికంటే ముందు, చేతులు పాడైనవాణ్ణి వేరే పనికి మారిస్తే కూలీ తగ్గకూడదని ఆర్డర్ ఇవ్వండి. అది లేకుండా ఎన్ని టెస్టులు పెట్టినా మా అన్నయ్యలాంటివాళ్లు డాక్టర్ ముందు తిమ్మిరేం లేదనే చెప్తారు.

ఇట్లు,
ఒక ఫెట్లింగ్ కార్మికుడి తమ్ముడు